కొండమీది పాండవ గుళ్ళు: గుర్తుపట్టడం, కొలవడం, కదపకుండా కబురు చెప్పడం

మీరు అడిగింది ఇది: బెంగళూరు నుంచి కృష్ణగిరి వైపు వెళ్ళి ఒక గుట్ట ఎక్కారు. పైన రాతి పలకలు నాలుగు వైపులా నిలబెట్టి, మీద పెద్ద బండ కప్పిన గూళ్ళలాంటివి పదిదాకా కనిపించాయి. ఒకదాని తూర్పు పలకకు గుండ్రటి కంత ఉంది. మేకలు కాసే పెద్దాయన తెలుగులోనే "పాండవుల గుళ్ళు" అని చెప్పాడు. ఇవి నిజంగా సమాధులేనా, ఎంత పాతవి, లోపలి మట్టి కాస్త తీసి చూడొచ్చా, ఎవరికి చెప్పాలి?

మూడో ప్రశ్నకు ముందు జవాబు. తీయొద్దు. పారతోనే కాదు, చేత్తో కూడా తీయొద్దు. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఆ మట్టిలోనే ఉంది కాబట్టి.

మీ వర్ణన ప్రకారం అవి బృహత్ శిలాయుగపు సమాధులే, అంటే పెద్ద పెద్ద రాళ్ళతో సమాధులు కట్టిన కాలానివి. ఆ ప్రాంతానికి ఇవి కొత్త కాదు. కృష్ణగిరి జిల్లాలోనే మల్లచంద్రం గుట్టమీద ఇలాంటి రాతిగూళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పేర్లు మాత్రం ఊరూరికీ మారతాయి. తెలుగు నేలమీద రాకాసి గుళ్ళు, పాండవ గుళ్ళు అంటారు. కన్నడంలో పాండవర గుడి, మోరేర మనె అంటారు. తమిళ పల్లెల్లో పాండవర్ వీడు, పాండుకుళి అని వినిపిస్తుంది. మోరేరులంటే ఒకప్పటి పొట్టి మనుషులని, ఆ చిన్న ఇళ్ళు వాళ్ళవేనని కథ. కథ చరిత్ర కాకపోయినా ఆ పేరు మీకు చాలా పనికొస్తుంది. "ఇక్కడ పాతకాలం సమాధులున్నాయా?" అంటే ఊళ్ళో ఎవరూ ఏమీ చెప్పరు. "పాండవుల గుళ్ళు ఎక్కడున్నాయి?" అంటే పిల్లలు కూడా దారి చూపిస్తారు. హోసూరు, దెంకణికోట, కృష్ణగిరి పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెలుగులోనే అడగండి, వచ్చిన జవాబును వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.

ముందు రకాలు తెలియాలి. లేకపోతే కళ్ళముందున్నది కూడా కనపడదు. మీరు చూసింది నేలపైన కట్టిన గూడు, డోల్మెన్. అదే పెట్టెను నేలలో పాతితే సిస్ట్, అంటే రాతిపెట్టె సమాధి. బయటికి కప్పుబండ అంచు మాత్రమే కనిపిస్తుంది, ఒక్కోసారి అదీ కనిపించదు. సగం లోపల, సగం బయట ఉండేవీ ఉన్నాయి. వాటిచుట్టూ గుండ్లు వలయంగా పేర్చి, మధ్యలో చిన్నరాళ్ళు కుప్పపోస్తే కెయిర్న్ సర్కిల్. కొండమీద గూళ్ళు చూసి సంబరపడి దిగివచ్చేవాళ్ళు, కొండపాదంలో తాము తొక్కుకుంటూ వచ్చిన ఈ వలయాల్ని గమనించరు. సమాధులు ఎక్కువగా ఉండేది అక్కడే: దున్నడానికి పనికిరాని రాతినేలలో, కొండకీ చెరువుకీ నడుమ. ఒంటరిగా నిలబెట్టిన రాయి మెన్హిర్, మన నిలువురాయి. చెన్నై వైపు చెంగల్పట్టు ప్రాంతంలోనైతే వలయం కింద రాతిపెట్టెకు బదులు కాల్చిన మట్టి తొట్టి ఉంటుంది, దానికి వరుసగా పొట్టి కాళ్ళుంటాయి. ఇంకా దక్షిణాన ఆదిచ్చనల్లూరులో పెద్ద మట్టి కాగుల్లోనే ఎముకలు పెట్టారు. అక్కడి వస్తువులు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో చూడొచ్చు.

ఇప్పుడు గుర్తుపట్టే పద్ధతి. గ్రానైట్ గుట్టలమీద ప్రకృతే డోల్మెన్‌లాంటివి చేస్తుంది. ఒక గుండుమీద ఇంకో గుండు నిలిచి కింద ఖాళీ ఏర్పడుతుంది. రెండూ పక్కపక్కనే ఉండే కొండల్లో తేడా ఎలా తెలుస్తుంది? మనిషి కట్టినదానిలో పలకల మందం దాదాపు ఒకేలా ఉంటుంది. కప్పుబండ కింద సందు పూడ్చడానికి చిన్న చిన్న చీలికరాళ్ళు దోపి ఉంటాయి. లోపల నేల కూడా బండపరుపే కావచ్చు. అన్నింటికంటే గట్టి గుర్తు మూలల్లో ఉంటుంది. ఒక్కో మూల దగ్గర నిలబడి చూడండి. ప్రతి పలకా ఒక చివర పక్క పలకను దాటి బయటికి పొడుచుకొస్తుంది, రెండో చివర ఇంకో పలకకు ఆనుతుంది. పైనుంచి చూస్తే నాలుగూ కలిసి స్వస్తికంలా కనిపిస్తాయి. ఇది అలంకారం కాదు. బయటినుంచి మట్టి, రాళ్ళు నెడుతుంటే ప్రతి పలక పక్కదాన్ని ఒత్తి పట్టుకుంటుంది. సున్నం, బంకమట్టి లేకుండా గూడు నిలబడటానికి ఆ పట్టే కారణం. పొడుచుకొచ్చిన చివరలు గడియారం ముల్లు తిరిగే వైపు ఉన్నాయా, ఎదురు వైపు ఉన్నాయా అన్నదీ రాసుకోండి. ఒకే గుట్టమీద అన్నీ ఒకే వైపు తిరిగాయంటే, అది కట్టినవాళ్ళ అలవాటు మీ కళ్ళముందు ఉన్నట్టే.

పలకల్ని ఎలా తీశారన్నది చాలామంది అడుగుతారు. దక్కన్ గ్రానైట్ ఉల్లిపొరలా పొరలుపొరలుగా లేస్తుంది. ఆ పొరమీద మంట పెడితే పైభాగం వేడికి వ్యాకోచించి, కింది చల్లటి రాయినుంచి విడిపోతుంది. ఆ తర్వాత మోకులు, దుంగలు, మనుషులు. రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఇరవై సెంటీమీటర్ల మందం ఉన్న బండ అంటే ఒక ఘనపు మీటరు. గ్రానైట్‌లో అది రెండున్నర టన్నులు దాటుతుంది. మీ గుట్టమీది కప్పుబండను ఇలా లెక్కగట్టి చూడండి, ఒక కుటుంబం చేసే పని కాదని వెంటనే తెలుస్తుంది. ఊరంతా కదిలితేనే అది పైకెక్కుతుంది.

పలక అంచున వరసగా నలుచదరపు గుంటలు ఒకే దూరంలో కనిపిస్తే, అవి ఉలితో గుంటలు తొలిచి శీలలు దిగ్గొట్టి చీల్చిన గుర్తులు. గొట్టాన్ని నిలువునా సగానికి చీల్చినట్టు సన్నటి గాడి ఉంటే అది డ్రిల్లింగ్ యంత్రం పని. ఇవి కనిపించాయంటే సమాధి కొత్తదని అర్థం కాదు. చాలాసార్లు పాత గూటి పలకనే తర్వాతివాళ్ళు చీల్చి పట్టుకుపోయారని అర్థం. మిగిలిన ముక్కే మీరు చూస్తున్నది.

పొరబడే చోట్లు ఇంకా ఉన్నాయి. వీరగల్లును, అంటే చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయిని, చాలామంది బృహత్ శిల అనుకుంటారు. వీరగల్లు మీద బొమ్మ ఉంటుంది: కత్తి పట్టిన వీరుడు, పైన అప్సరసలు, ఇంకా పైన లింగమో దేవుడో, అంతస్తులుగా. అది వెయ్యి, పదిహేనువందల ఏళ్ళనాటి మాట. ఈ సమాధులు అంతకంటే చాలా పాతవి. అయితే రెండూ కలిసిపోయిన చోట్లున్నాయి. నీలగిరుల్లో వీరుల శిల్పాలున్న రాతిగూళ్ళు ప్రసిద్ధం, ఆ శిల్పాలు మధ్యయుగాలవి. కాబట్టి బొమ్మ వయసు, కట్టడం వయసు ఒకటే అనుకోకండి. రెండో పొరబాటు, రైతులు పొలంలో ఏరిపోసిన రాళ్ళకుప్పను కెయిర్న్ అనుకోవడం. రైతుకుప్ప గట్టువారన ఉంటుంది, రాళ్ళు పిడికెడు నుంచి తలకాయంత వరకు కలిసిపోయి, వదులుగా, చేత్తో తోస్తే దొర్లేట్టుంటాయి. సమాధి వలయంలో గుండ్లు సగం భూమిలో దిగబడి ఉంటాయి. పైన బూడిద, నారింజ రంగుల రాతిపాచి మచ్చలు కట్టి ఉంటుంది. మధ్యలో నేల తాబేటిచిప్పలా కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఉబ్బుకు బదులు నడుమ గుంత కనిపిస్తే, నిధి కోసం ఎవరో ముందే తవ్వారు.

ఇక కంత. తూర్పు పలకకు ఉందన్నారు, మామూలుగా ఉండేదీ అదే. చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1947లో తవ్వినప్పుడు రాతిపెట్టెల కంతలు తూర్పువైపే ఉన్నాయి. శవాన్ని ఆ కంతలోంచి దూర్చారనుకోకండి, అది పట్టదు. ఆ కాలంలో చాలాచోట్ల శవాన్ని వేరే చోట ఉంచి, కండ పోయాక ఎముకలు ఏరితెచ్చి పెట్టేవారు. అందుకే ఒకే పెట్టెలో ఒకరికంటే ఎక్కువమంది ఎముకలు, అవీ కొన్నే దొరుకుతాయి. కంత ఉంటే కప్పుబండ ఎత్తకుండా మళ్ళీ మళ్ళీ తెచ్చిపెట్టొచ్చు. ఒక్క ముఖ్యమైన మాట: "తూర్పు" అని రాసి వదిలేయకండి. మన అక్షాంశంలో, అంటే పన్నెండున్నర డిగ్రీల దగ్గర, ఏడాది పొడవునా సూర్యుడు ఉదయించే చోటు ఉత్తరం నుంచి 66 డిగ్రీలకీ 114 డిగ్రీలకీ మధ్య అటూ ఇటూ జరుగుతుంది. అంతా మన నోట తూర్పే. మీ గుట్టమీది కంతలన్నీ 110 దగ్గర ఉంటే ఒక అర్థం, 70 నుంచి 115 దాకా చెల్లాచెదురుగా ఉంటే ఇంకో అర్థం. డిగ్రీల్లో రాస్తేనే అది పనికొచ్చే సమాచారం.

వయసు గురించి. దక్షిణాదిలో ఈ సమాధులు ఎక్కువగా క్రీ.పూ. మొదటి సహస్రాబ్దివి. కొన్ని అంతకంటే ముందువి, కొన్ని క్రీస్తుశకం మొదటి శతాబ్దాల దాకా వస్తాయి. మీ గుట్టమీదిది ఇందులో ఎక్కడ పడుతుందో రాయిని చూసి ఎవరూ చెప్పలేరు. రాయి వయసు కోట్ల ఏళ్ళు. దాన్ని నిలబెట్టిన రోజు రాయికి అంటుకోదు. తేదీ వచ్చేది కింద ఉన్న బొగ్గునుంచి, ఎముకనుంచి, ఎండ తగలకుండా ఉండిపోయిన ఇసుకరేణువులనుంచి.

మీకు దగ్గర్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో తమిళనాడు పురావస్తు శాఖ 2021లో తవ్వింది. అక్కడ 104 సెంటీమీటర్ల లోతున దొరికిన బొగ్గు క్రీ.పూ. 1615 అని, 130 సెంటీమీటర్ల లోతున దొరికిన బొగ్గు క్రీ.పూ. 2172 అని తేలింది. తమిళ నేలమీద ఇనుము వాడకం నాలుగువేల ఏళ్ళ కిందటిదన్న ప్రకటన 2022లో వచ్చింది ఈ బొగ్గు ఆధారంగానే. ఆ రెండు అంకెల్నీ గమనించండి: 104, 130. ఇరవయ్యారు సెంటీమీటర్ల తేడా, జానెడు మీద రెండు వేళ్ళు. కాలంలో అది 557 ఏళ్ళు. సరదాకి "కాస్త మట్టి తీసి" పక్కన పోసినవాడు ఆ రెండు బొగ్గుముక్కల్నీ ఒకే కుప్పలో కలిపేస్తాడు. తర్వాత ఆ కుప్పలోంచి బొగ్గు తీసి ఎంత గొప్ప ప్రయోగశాలకు పంపినా ప్రయోజనం లేదు. బొగ్గుకు తేదీ వస్తుంది. ఆ తేదీ ఏ పనికి, ఏ మనిషికి, ఏ ఇనుప ముక్కకు చెందిందో చెప్పేవాళ్ళుండరు.

కాబట్టి మీరు చేయగలిగినది, చేయాల్సినది నమోదు. సరిగ్గా చేస్తే దానికి విలువ చాలా ఉంది. బెంగళూరు చుట్టుపక్కల సమాధుల సంగతే చూడండి. విమానాశ్రయం దారిలో చిక్కజాల దగ్గరివి రోడ్డు పనుల్లో చాలావరకు పోయాయి. హొస్కోటె తాలూకా జడిగేనహళ్ళిలో 1950లలో తవ్వారు కాబట్టి కనీసం నివేదిక మిగిలింది. రాయకుండా పోయినవి ఎన్నో లెక్కే లేదు.

వెళ్ళే కాలం జనవరి నుంచి మార్చి. బోదగడ్డి ఎండిపోయి నేల కనిపిస్తుంది. వానల తర్వాత లాంటానా కంపలో నాలుగు మీటర్ల వలయం కూడా మాయమవుతుంది. రోజులో ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఏటవాలు వెలుగులోనే నేల ఉబ్బు, పలకమీది గీతలు, గుంటలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో గ్రానైట్ అంతా ఒకే తెల్లటి మచ్చలా పడుతుంది. ఆ కొండల్లో చాలా భాగం రిజర్వు అడవి, ముందు అటవీశాఖ కార్యాలయంలో అడిగి వెళ్ళండి. హోసూరు, దెంకణికోట అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి, చీకటి పడకముందే దిగిపోవాలి. కంతలో చెయ్యిగానీ తలగానీ పెట్టొద్దు. పాములకు అది చల్లని ఇల్లు, కప్పుబండ కింద తేనెపట్టు కూడా ఉండొచ్చు. టార్చి వెలుగులో బయటినుంచే చూడండి.

సామాను ఎక్కువ అక్కర్లేదు. ముప్పై మీటర్ల టేపు, అయిదు మీటర్ల టేపు, నోటుపుస్తకం, పెన్సిల్ (పెన్ను చెమటకు, చినుకుకు అలుక్కుపోతుంది), ఒక మీటరు కర్ర మీద ఇరవై సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎరుపు తెలుపు పట్టీలు, స్కూలు పిల్లల పదిహేను సెంటీమీటర్ల స్కేలు, ఫోను. ఫోటోలో కొలత కోసం నాణెం పెట్టకండి. రూపాయి బిళ్ళ సైజు ఎన్నిసార్లు మారిందో మీకే తెలుసు, ఇరవై ఏళ్ళ తర్వాత చూసేవాడికి అది ఏ రూపాయో తెలియదు.

మొదట ఏదీ కొలవకుండా గుట్టంతా ఒకసారి నడవండి. ప్రతి కట్టడానికీ నోటుపుస్తకంలో ఒక నంబరు ఇవ్వండి. రాతిమీద సుద్దతో, రంగుతో రాయొద్దు. కొన్ని పలకలమీద ఎర్రరంగు బొమ్మలు గాని, తెల్లటి బొమ్మలు గాని ఉండొచ్చు, సుద్ద వాటిలో కలిసిపోతే మళ్ళీ విడదీయలేం. తర్వాత ఒక్కొక్కటీ. గూడైతే లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు, ఒక్కో పలక పొడవు, ఎత్తు, మందం. మందాన్ని విరిగిన అంచు దగ్గర కొలవకండి, అక్కడ పొర లేచి పలచబడి ఉంటుంది. మూడుచోట్ల కొలిచి మూడూ రాయండి. కంతకు ఆకారం, అడ్డంగా నిలువుగా వ్యాసం, నేలనుంచి ఎత్తు. దిక్కు చూసేటప్పుడు కంతకు వీపు పెట్టి బయటికి చూస్తూ చూడండి. కొందరు కంతవైపు తిరిగి చూసి 180 డిగ్రీలు తప్పు రాస్తారు, తర్వాత పశ్చిమ కంతల సమాధులు అని ఒక కొత్త వింత పుడుతుంది. ఫోను కవరుకు అయస్కాంతం ఉంటే తీసేయండి. దగ్గర్లో నల్లరాతి చారలు (డోలరైట్) ఉన్నా సూది పక్కకు లాగుతుంది. కాబట్టి అయిదు మీటర్ల దూరంలో రెండుచోట్ల చూసి, లెక్కలు కలిస్తేనే రాయండి.

వలయమైతే ఉత్తరం వైపు గుండు ఒకటో నంబరు, గడియారం ముల్లు తిరిగినట్టు లెక్క. ఒకదానికొకటి అడ్డంగా రెండు వ్యాసాలు, లోపలి అంచునుంచి లోపలి అంచుకు. గుండు లేని ఖాళీ ఉంటే "ఖాళీ, రెండు గుండ్ల జాగా" అని రాయండి. ఖాళీ కూడా సమాచారమే.

ఫోటోలు ఒక్కో కట్టడానికి పన్నెండుకు తగ్గకుండా: నాలుగు వైపులు, నాలుగు మూలలు, పైనుంచి, కంత, లోపల, చుట్టుపక్కల నేలతో కలిపి దూరంనుంచి. ముఖ్యమైనవి కర్ర పెట్టి ఒకటి, తీసేసి ఒకటి. త్రీడీ నమూనా చేయించాలనుకుంటే చుట్టూ నడుస్తూ, ప్రతి ఫోటో ముందుదానితో మూడింట రెండొంతులు కలిసేట్టు తీయండి. పైనుంచి ఫోటో కోసం కప్పుబండ ఎక్కొద్దు. గ్రానైట్ ఎంత బరువు మోసినా ఒంపును మోయలేదు, లాగే బలం ముందు అది బలహీనం. అంచులమీద ఆనుకున్న పాత బండకు సన్నటి పగులు ఉందేమో పైకి కనపడదు. కర్రకు ఫోను కట్టి ఎత్తి తీయండి.

జీపీఎస్ పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగండి, అంకె స్థిరపడనివ్వండి. దశాంశం తర్వాత అయిదు అంకెలు రాయాలి. అయిదో అంకె అంటే సుమారు ఒక మీటరు. మూడు అంకెలతో ఆపితే నూట పది మీటర్లు తేడా వస్తుంది, కొండమీద నూట పది మీటర్లంటే ఇంకో గుట్ట.

ఒక నమోదు ఎలా ఉండాలో చూపిస్తాను, కొలతలు ఉదాహరణకు వేసినవి:

"నిర్మాణం 4. గూడు. మూడు పలకలు నిలిచి ఉన్నాయి, పడమటి పలక లోపలికి ఒరిగింది. లోపల 1.82 × 1.24 మీ., ఎత్తు 0.95 మీ. (మట్టిపైనుంచి). తూర్పు పలక మందం 11, 13, 12 సెం.మీ. కంత గుండ్రం, 46 × 44 సెం.మీ., నేలనుంచి 38 సెం.మీ., దిక్కు 98. కప్పుబండ దక్షిణానికి జారి నేలకు ఆనింది. మూలలు గడియారం వైపు. చుట్టూ వలయం, 11 గుండ్లు, వాయవ్యాన ఖాళీ. లోపల గుంత లేదు. కుండపెంకులు నైరుతి మూల బయట, ఆరు, తీయలేదు. ఊరివాళ్ళ పేరు: పాండవుల గుడి."

ఇందులో "మట్టిపైనుంచి" అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని, అది లేకపోతే ఎత్తు అంకెకు అర్థమే లేదు. లోపల రెండడుగుల మట్టి నిండి ఉండొచ్చు. "తీయలేదు" అన్న మాట కూడా అంతే. తర్వాత వచ్చేవాళ్ళకు ఆ ఆరు పెంకులు అక్కడే వెతుక్కోవచ్చని తెలుస్తుంది.

కుండపెంకుల గురించి కొంచెం. ఈ సమాధులకు దాదాపు సంతకంలాంటివి నలుపు–ఎరుపు కుండలు. లోపలంతా నలుపు, బయట అంచు దగ్గర నలుపు, కిందికి ఎరుపు, పైన నునుపైన మెరుగు. బోర్లించి కాల్చడం వల్ల లోపలికి, నేలకు ఆనిన అంచుకు గాలి అందక నల్లబడిందని, గాలి తగిలిన భాగం ఎర్రబడిందని మామూలుగా చెబుతారు. నిన్నమొన్నటి వంటకుండకు మసి బయట అడుగునే, మచ్చలు మచ్చలుగా ఉంటుంది, లోపల కాదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే నూటికి తొంభై పెంకులు వంగి చూసి చెప్పేయొచ్చు. కొన్ని కుండలమీద నిచ్చెనలా, బాణంలా గీతలుంటాయి, అవి విడిగా ఫోటో తీయండి. బరువైన, నురగలాంటి రంధ్రాల నల్లముద్దలు కనిపిస్తే ఇనుప చిట్టెం (ఇనుము తీశాక మిగిలిన మడ్డి) కావచ్చు. అది సమాధికంటే ఊరి జాడ. ఆ మనుషులు బతికిన చోటు దగ్గర్లోనే ఉందన్నమాట. సమాధులకంటే ఊళ్ళు దొరకడమే అరుదు, కాబట్టి దాన్ని తప్పకుండా రాయండి.

నష్టం ఎలా జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. నిధి కోసం తవ్వేవాళ్ళ గురించి అందరికీ తెలుసు. సమాధుల్లో దొరికేది ముఖ్యంగా కుండలు, ఇనుప కత్తులు, బాణపు ములుకులు, గొడ్డళ్ళు, రాతిపూసలు. వాళ్ళు వెతికే బంగారు కుండ కాదు. క్వారీలు, లేఅవుట్లకు నేల చదును చేసే జేసీబీలు ఇంకా పెద్ద నష్టం. కానీ మంచి మనసుతో వెళ్ళే ట్రెక్కింగ్ వాళ్ళు చేసే నష్టం ఒకటుంది: గూటిలోపల గాలి రాదని అక్కడ మంట వేసుకోవడం. ఏ మంటతో ఆ పలకను కొండనుంచి విడదీశారో అదే మంట ఇప్పుడు దాన్ని చిట్లగొడుతుంది. వేడికి పలక లోపలి ముఖం బొచ్చెల్లా పొరలు రాలుతుంది. పైగా ఈనాటి బొగ్గు ఆనాటి మట్టిలో కలుస్తుంది, అది తేదీలను పాడుచేస్తుంది. మీ బృందంలో అందరికీ ఈ సంగతి చెప్పండి.

చెప్పాల్సిన చోటు. కొండ తమిళనాడు సరిహద్దు లోపల ఉంది కాబట్టి ఎగ్మూరులోని రాష్ట్ర పురావస్తు శాఖకు, దాని నకలు ఒకటి కృష్ణగిరి జిల్లా కలెక్టరుకు. కర్ణాటక వైపైతే మైసూరులో ప్రధాన కార్యాలయమున్న రాష్ట్ర పురావస్తు, మ్యూజియంలు, వారసత్వ శాఖకు, తాలూకా తహశీల్దారుకు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడమైతే (నీలిబోర్డు ఉంటుంది) కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖ బెంగళూరు, చెన్నై సర్కిళ్ళకు. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. రెవెన్యూ గ్రామం, తాలూకా, తెలిస్తే సర్వే నంబరు, జీపీఎస్, ఎన్ని కట్టడాలు, ఏ రకం, ఇప్పుడున్న ముప్పు ఏమిటి (క్వారీ ఎంత దూరంలో ఉంది, కొత్త గుంతలున్నాయా), నాలుగు ఫోటోలు. మిగతావి అడిగితే పంపుతామని రాయండి. రసీదు వచ్చేట్టు స్పీడ్ పోస్టులో వేయండి, ఈమెయిలు కూడా పెట్టండి.

చట్టం విషయానికొస్తే, పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం కింద రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2010 సవరణ తర్వాత రెండేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. దాని చుట్టూ నూరు మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆపైన రెండు వందల మీటర్లలో అనుమతి కావాలి. మీ గుట్ట రక్షిత జాబితాలో లేకపోయినా నేలలో దొరికిన పాత వస్తువు దాచుకోవడానికి లేదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల పైబడిన విలువ ఉన్నదేదైనా కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయలు ఈ రోజు లెక్కన ఏమీ కావు, అంటే పూస దొరికినా చెప్పాల్సిందే.

ఫేస్‌బుక్‌లో, ట్రెక్కింగ్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టొచ్చు గాని ఖచ్చితమైన లొకేషన్ పెట్టొద్దు. ఫోటో ఫైలులోనే జీపీఎస్ దాగి ఉంటుంది, పెట్టేముందు దాన్ని తీసేయండి. జిల్లా పేరు చాలు.

పోల్చుకోవడానికి మంచి చోటు కావాలంటే కొప్పళ జిల్లా గంగావతి దగ్గర హిరేబెనకల్ ఒకసారి చూసి రండి. దాదాపు నాలుగు వందల కట్టడాలు, నిలువెత్తు గూళ్ళు, గుండ్రటి కంతలు, ఒక ఎత్తైన గుండుమీద నగారాలా చెక్కిన పెద్ద రాయి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. ఎండాకాలం వద్దు, రాతిమీద నడక ఎక్కువ, నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. నిలువురాళ్ళు చూడాలంటే తెలంగాణలో కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాల్. అక్కడి ఒక రాతిమీద సప్తర్షి మండలం ఆకారంలో గుంటలు తొలిచి ఉన్నాయి. 2025లో అదీ ఆ జాబితాలో చేరింది. ఊరివాళ్ళు ఆ రాళ్ళను నేటికీ పూజిస్తారు, ఇన్నాళ్ళు అవి నిలిచి ఉండటానికి అది కూడా ఒక కారణం. మీ గుట్టమీద కూడా ఏదైనా రాయికి పసుపు కుంకుమ ఉంటే చెప్పులు విప్పి, అడిగి, అప్పుడు టేపు తీయండి.

మళ్ళీ వెళ్ళినప్పుడు ముందు కొండపాదం చూడండి. చెరువుకీ మొదటి రాతిమెట్టకీ మధ్య, మేకలదారికి అటూ ఇటూ. గూళ్ళు పది పైన ఉంటే కింద వలయాలు అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. జేసీబీ ముందు చేరేది కూడా ఆ కింది వాటి దగ్గరికే.